తువ్వాల వేసిన కుర్చీ

గ్రామపంచాయతీ తీర్మానాల పుస్తకం ఏ ఊళ్లోనైనా ఆఫీసు బీరువాలో ఉంటుంది. కర్ణాటకలో, రాయచూరు దిక్కున్న తుమ్మలదొడ్డిలో మాత్రం అది చేలగట్ల మీద తిరుగుతుంది. సోమవారం పొద్దున పదిన్నరకు చంద్రిక ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని శేషయ్య పత్తిచేలోకి దిగింది. పంచాయతీలో కంప్యూటర్ పని చేసే పిల్ల ఆమె. పుస్తకం మోయాలని ఆమె ఉద్యోగ కాగితంలో ఎక్కడా రాసి లేదు గానీ రెండున్నరేళ్లుగా మోస్తూనే ఉంది.

"అక్కా, సంతకం!"

మద్దమ్మ తల ఎత్తలేదు. పగిలిన కాయను ఎడమచేత్తో వంచి, కుడిచేతి మూడువేళ్లతో దూదినంతా ఒక్క గుంజుతో తీసి ఒడిలో వేసింది. ఎండాకు తునక ఒక్కటీ అంటకూడదు. కాయ డొప్పల కొనలు ఊరుకోవు, గోటికీ కండకీ మధ్య దిగుతాయి. నవంబరు వచ్చేసరికి ఈ ఊరి ఆడవాళ్ల వేళ్లన్నీ ముళ్ల పోట్లే. ఆ వేళ్లలో పంచాయతీ అధ్యక్షురాలి వేళ్లు కూడా ఉన్నాయి. అవును, మద్దమ్మే అధ్యక్షురాలు. పదకొండుమంది సభ్యులకు పెద్ద, కూలికి పత్తి ఏరుతోంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది, అదే చెబుతున్నాను.

"ఏం ఠరావే, చంద్రీ?" అంది మద్దమ్మ. తీర్మానాన్ని ఇక్కడ ఠరావు అంటారు.

చంద్రిక ఆగిపోయింది. ఇన్నాళ్లలో ఈ ప్రశ్న ఒక్కసారీ రాలేదు. పుస్తకం తెరవడం, వేలు పెట్టి చోటు చూపించడం, మద్దమ్మ నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని కన్నడంలో మూడక్షరాలు రాయడం, అంతే నడిచేది.

"ఫిల్టర్ ఠరావక్కా. నీళ్ల ఫిల్టర్."

"యాడ పెడ్తరంట?"

చంద్రిక తన చెప్పుల వంక చూసుకుంది. "సావుకారు రైసుమిల్లు గేటు కాడ."

"మన వాడకని గదా మంజూరైంది?"

"మన వాడకే అయ్యింది. వాడల జాగ లేదని రాసిండ్రు. సావుకారు తన జాగ ఇస్తనన్నడంట."

మద్దమ్మ నడుం నిటారు చేసింది. కింది వాడ బోరునీళ్లు ఉప్పు. అన్నం ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగే నీళ్లకు పెద్ద రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద శక్తినగర్ థర్మల్ కరెంటు కేంద్రం నుంచి బూడిద ట్యాంకర్లు ఆగకుండా పోతుంటాయి. రైసుమిల్లు రోడ్డుకు అవతలుంది. ఫిల్టర్ అక్కడ పెడితే బిందెలు పట్టుకుని రోడ్డు దాటే తిప్పలు ఎప్పటికీ తప్పవన్నమాట.

"జాగ లేదా? సమాజ మందిరం పక్కన బర్రెలు కట్టేస్తున్నరు గదనే. బర్రెలకున్న జాగ నీళ్లకు లేదా? చెన్నవ్వ బిందెతోని ఆ రోడ్డు మీదనే పడ్డది. ఆర్నెల్లాయె, ఇంకా మంచం దిగలే."

చంద్రిక పెన్ను మూత తీసి ఇచ్చింది. మద్దమ్మ పెన్ను తీసుకుంది. కాసేపు పట్టుకుంది. తిరిగి ఇచ్చేసింది.

"వేలికి డొప్ప దిగింది. నెత్తురు పడితే సర్కారు పుస్తకం ఖరాబైతది. మానినంక పెడ్త."

వేలి మీద నెత్తురు చుక్క ఉన్నమాట నిజమే. పోయిన సోమవారం కూడా ఉంది, అప్పుడు సంతకం మాత్రం ఆగలేదు. చంద్రిక పుస్తకం మూసింది. రెండడుగులు వేసి మళ్లీ తిరిగింది.

"అక్కా, చెప్పుడు మర్సిన. ఇంక మూడు దినాలకు, బేస్తారం నాడు మన పంచాయతీకి పరదేశం నుంచి ఒకామె వస్తుందంట. పెద్ద లీడరంట. ఆమె గురించి చదివేది నన్నే చదవమన్నరు."

మంగళవారం ఆఫీసులో అందర్నీ పిలిచి సంగతి చెప్పింది అభివృద్ధి అధికారి సతీశ్. సింధనూరు దిక్కు కాలువ కింద, కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో పుట్టినవాడు. మాట మెత్తన, గుండె మరీ మెత్తన.

"ఆవిడ లావోస్ అనే దేశం నుంచి వచ్చారండీ. అక్కడి జాతీయ సభలో పెద్ద పదవి. రాయచూరులో వరి సదస్సుకి వచ్చి, ఆడవాళ్లు అధ్యక్షులుగా ఉన్న పంచాయతీ ఒకటి చూస్తానన్నారట. పైవాళ్లు మన పేరిచ్చేశారు. రోడ్డు పక్కనే ఉన్నాం కదండీ, కారు దిగి నడవక్కర్లేదు."

ఆడవాళ్లు అధ్యక్షులుగా ఉన్న పంచాయతీ! ఆ మాట అన్నప్పుడు సతీశ్ చూపు అధ్యక్షుల కుర్చీ వైపు పోయింది. అందులో ఉపాధ్యక్షుడు బసవలింగప్ప సావుకారు కూర్చుని ఉన్నాడు. కుర్చీ వెనక ఆయన తువ్వాల వేసి ఉంది. ఆయన లేనప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. ఈ దిక్కు బస్సులెక్కేవాళ్లకు తెలుసు, కిటికీలోంచి సీటు మీద తువ్వాల పడిందంటే ఆ సీటు తువ్వాల వేసినవాడిదే. నిండు చూలాలు నిలబడి ఉన్నా తువ్వాల మాత్రం హాయిగా కూర్చునే ఉంటుంది. ఎవరూ దాన్ని తీసి పక్కన పెట్టరు. ఈ కుర్చీదీ అదే కథ.

మద్దమ్మ చోటు గోడ పక్క చెక్క స్టూలు. దానికి కుడివైపు ఒక కాలు పొట్టి. బరువు అటు పడితే టక్కున వాలుతుంది. అందుకని ఆమె ఒళ్లంతా ఎడమకు మోపి, ఎడమ మడమ నేలకు బిగబట్టి కూర్చుంటుంది. రెండున్నరేళ్లలో అది అలవాటైపోయింది.

"నడుమ నేను కూసుంట," అన్నాడు బసవలింగప్ప. "కుడిదిక్కు ఆ మేడం. మద్దమ్మ వాకిలి కాడ హారతి పట్టుకోని నిలవడుతది. ఆడామెకు ఆడామె ఎదురైతే మంచిది. ఏం మద్దమ్మా?"

"అట్లనే, సావుకారూ."

గోడకు ఆనించిన కొత్త ఫ్లెక్సీలో బసవలింగప్ప బొమ్మ నిలువెత్తున ఉంది. అతిథి బొమ్మ అందులో సగం. మద్దమ్మ బొమ్మ కింద మూలన, ఓటరు కార్డులోంచి తీసింది. ఆ ఫొటోలో ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"వేలెట్లుంది?" అన్నాడు బసవలింగప్ప, లేవబోతూ.

"మానలే, సావుకారూ."

"జల్దీ మాన్పించుకో."

ఆ సాయంత్రం చంద్రిక ఫోను పట్టుకుని మద్దమ్మ గడప మీద కూర్చుంది, చదివేది బాగుందో లేదో వినిపించడానికి. మద్దమ్మ జొన్నరొట్టె కొడుతోంది. వేడినీళ్లు పోసి కలిపిన పిండి ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుతూ ఉంటే ముద్ద పలచనై వెడల్పవుతోంది. తట్టే చప్పుడుకు తగ్గట్టు చంద్రిక గొంతు పెంచింది.

"పేరు మణివన్. వయసు అరవై మూడు."

"మణెమ్మనా?"

"అట్లనే అనుకో. ఇగ ఇను. ఉత్తరం దిక్కు కొండల్లో పల్లె. చిన్నప్పుడు వాళ్ల దేశంల యుద్ధం. పైనుంచి బాంబులు పడుతుంటే ఊరంతా గుహల్లకు పోయి బతికిండ్రు. ఈమె అక్షరాలు దిద్దింది గుహల్నే, బొగ్గుతోని."

తట్టడం ఆగింది. "బొగ్గుతోనా?"

"ఆఁ. పందొమ్మిదేండ్లకు బడి పంతులమ్మ. ముప్పై రెండేండ్లకు ఊరిపెద్ద. ఆ తాలూకల ఆడమనిషి ఊరిపెద్ద కావుడు అదే మొదలు. పేలకుంట మిగిలిన బాంబులు మళ్లల్ల ఉంటే, దున్నబోయినోళ్లు సచ్చిపోతుండ్రంట. వాటిని తీపించేదాంక ఆఫీసర్ల ఎంట పడ్డదంట. కొండమీద ఊట నుంచి గొట్టాలేయించి పదకొండూళ్లకు నీళ్లు తెచ్చింది. ఎనక జిల్లాల గెలిచింది, అటెనక దేశం సభకు, మూడుసార్లు. ఇప్పుడు ఆడ ఒక కమిటీకి అధ్యక్షురాలు. ఆమె మాట్లాడితే టీవీల వస్తదక్కా!"

కాలిన వాసన వచ్చింది. పెనం మీద రొట్టె నల్లగా మాడింది. మద్దమ్మ రొట్టె మాడ్చగా చంద్రిక ఎన్నడూ చూడలేదు.

"చంద్రీ," అంది మద్దమ్మ, "ఆమె మొదటిసారి ఊరిపెద్ద కుర్చీల కూసున్న దినం, అండ్ల ముందుగాల కూసున్నోడు ఎట్ల లేచిండు? రాసిండ్రా?"

చంద్రిక పైకీ కిందికీ జరిపి చూసింది. "అది లేదక్కా."

"అసలుది రాయరేందే మరి!"

అప్పుడే మద్దమ్మ మొగుడు రాఘవులు వచ్చాడు. బసవలింగప్ప ఇటుకల బట్టీలో పని. కనుబొమల మీద కూడా బూడిదే. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి గోడకు ఆనుకున్నాడు. చంద్రిక లేచి వెళ్లిపోయింది.

"సావుకారు పిలిచిండు," అన్నాడు. "నీతోని సంతకం పెట్టియ్యమన్నడు. లేకుంటె శుక్కురారం నుంచి బట్టీకి రావొద్దన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? తల ఊపిన." మాడిన రొట్టెను తుంచి కారంలో అద్దుకుని తిన్నాడు. రొట్టె మాడిందని అనలేదు. కాసేపటికి మళ్లీ అన్నాడు. "వస్తుంటె చెన్నవ్వ మంచం మీదికెంచి పిలిచింది. ఫిల్టర్ మన వాడకే వస్తుందంట గద నాయనా, అని అడిగింది. దానికీ తల ఊపిన."

మద్దమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ మనిషితో ఎప్పుడూ ఇంతే, రెండూ కలిసే వస్తాయి.

బుధవారం ఆమె చేనికి పోలేదు. అతిథి వస్తోందని ఆఫీసు ఊడవడానికి వెళ్లింది. తన ఆఫీసును తనే ఊడ్చుకునే అధ్యక్షురాలు ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు, తుమ్మలదొడ్డిలో ఉంది. బూజు దులిపింది. బల్ల కింద ఎండిన టీ మరకలు కొబ్బరిపీచుతో గీకింది. కుర్చీ దగ్గరకొచ్చి, చీపురు గోడకు ఆనించి, తువ్వాలను రెండు వేళ్లతో ఎత్తి చూసింది. ఒకప్పుడు తెల్లదే. ఇప్పుడు తల ఆనేచోట నూనె జిడ్డు కట్టింది, అంచున వక్కాకు మరక.

"ఏం చూస్తున్నవ్?"

గుమ్మంలో బసవలింగప్ప. ఆయన కేకలేసే మనిషి కాదు. లోపలికొచ్చి మెల్లగా అన్నాడు. "మద్దమ్మా, రిజర్వేషన్ వచ్చినప్పుడు మీ వాడల ఎందరో ఉండిరి. ఏరి నిన్ను నిలవెట్టింది నేను. సదస్యులు చేతులెత్తి అవిశ్వాసమంటే దిగిపోతవ్. మొగనికి పనుండదు. నీకు ఎరికె లేదని గాదు, యాదికి చేస్తున్న."

"ఎరికే, సావుకారూ." మద్దమ్మ చేతిలో తువ్వాల అలాగే ఉంది. దాన్ని చూసి అంది, "ఇది మస్తు మాసింది. రేపు పరదేశం ఆమె వస్తది, ఫొటోలు తీస్తరు. ఉతుక్కొని రావాల్నా?"

బసవలింగప్ప తువ్వాల వంక చూశాడు. మాసిందన్నది ఆయనకూ కనిపించింది. పేపర్లో వచ్చే ఫొటో కూడా కళ్లముందు మెదిలినట్టుంది.

"ఉతుకు. సబ్బు మంచిగ పెట్టు," అన్నాడు.

చూడండి, తువ్వాలను ఆ కుర్చీ మీంచి తీయమన్నది ఆయనే. ఎవరూ లాక్కోలేదు.

ఇంటికి తెచ్చి బోరునీళ్లలో నానేసింది. సబ్బు పెట్టి రుద్దితే నురగ రాలేదు, తెల్లటి మడ్డి లేచింది. రెండుసార్లు చూసి ఆ నీళ్లు పారబోసి, మూలనున్న తాగేనీళ్ల బిందె వంచింది.

"తాగే నీళ్లతోనా?" అన్నాడు రాఘవులు.

"ఉప్పునీళ్లకు ఈ మురికి పోదు."

సోడా వేసి ఉడికించింది, బండ మీద బాదింది, పిండింది, మళ్లీ జాడించింది. తీగ మీద ఆరేస్తే బూడిద పడుతుందని ఇంట్లో దండేనికే ఆరేసింది. అన్నం తిని పడుకున్నాక ఒక్కటే అడిగింది. "శుక్కురారం నుంచి బట్టీ లేకుంటె ఏం చేస్తవ్?"

రాఘవులు ఈసారి తల ఊపలేదు. "పత్తి ఏరనీకె వస్త. నువ్వు నేర్పియ్యి."

గురువారం తెల్లవారి వాడ ఆడవాళ్లు లేచేసరికి రాఘవులు రెండు క్యాన్లు భుజాన వేసుకుని రోడ్డు దాటి నీళ్లు తెస్తున్నాడు. నీళ్లు తేవడం ఆడవాళ్ల పని. "ఏం రాఘవులూ, ఇయ్యాల నువ్వు అధ్యక్షురాలివైనవా?" అని ఒకరంటే అంతా నవ్వారు. "కాదమ్మా, అధ్యక్షురాలి మొగుణ్ని," అన్నాడు. ఆ మాట ఊళ్లో ఎవరూ, ఆయనతో సహా, పైకి అనడం అదే మొదలు.

పదకొండింటికి మూడు కార్లు వచ్చాయి. మధ్య కారులోంచి దిగినామెను చూసి ఆడవాళ్లు నవ్వు దాచుకోవడానికి మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇంత లీడరంటే ఏనుగంత మనిషి దిగుతుందనుకున్నారు. పొట్టిగా, సన్నగా, నెరిసిన జుట్టు ముడేసుకుని, చీర కుచ్చిళ్ల పొడవున దిగే నేత లంగా కట్టుకుని, కాళ్లకు మామూలు చెప్పులతో ఉంది. లంగా అంచు చేతినేత. మన కోకల అంచులాగే ఉందే అని గుసగుసలు పోయాయి. ఆమె రెండు చేతులూ జోడించి, తల వంచి, ఒక్కొక్కరి ముందూ నిలబడి దండం పెట్టింది. తొందరలేదు. చీపురు పట్టుకుని నిలబడ్డ, వీధులూడ్చే ఆమెక్కూడా పెట్టింది.

మద్దమ్మ హారతి ఇచ్చింది. అతిథి చూపు పళ్లెం పట్టుకున్న వేళ్ల మీద ఆగింది. పక్కన ఇంగ్లీషు తెలిసిన ఆమె మనిషి ఒకతను, యూనివర్సిటీ నుంచి వచ్చిన కీర్తి అనే అమ్మాయి ఉన్నారు. ఆమె మాట అతను ఇంగ్లీషులో చెబితే, కీర్తి తెలుగులో చెబుతుంది.

"అధ్యక్షురాలు ఎవరని అడుగుతున్నారు," అంది కీర్తి.

సభ్యులంతా సావుకారు వంక చూశారు. "లోపట, లోపట! రాండ్రి, లోపట మాట్లాడుకుందాం," అని బసవలింగప్ప దారి చూపించాడు.

లోపల సభ్యులంతా లేచి నిలబడ్డారు. సతీశ్ కుర్చీ వైపు చెయ్యి చాపి, "సార్, మీరు..." అన్నాడు. బసవలింగప్ప కుర్చీ దగ్గరకు వచ్చి, అలవాటుగా వెనక చెయ్యి వేశాడు. తువ్వాల లేదు. బోడిగా ఉంది కుర్చీ. ఆయన చెయ్యి అక్కడే కాసేపు తడుముకుంది.

"సావుకారూ."

మద్దమ్మ హారతి పళ్లెం చంద్రిక చేతిలో పెట్టి, చంకలోని మడత తీసి, రెండు చేతులతో ముందుకు చాపింది. పాలలా తెల్లగా ఉంది తువ్వాల.

"మీ తువ్వాల. మంచినీళ్లతోని ఉతికిన."

రెండు చేతులతో ఇచ్చినదాన్ని రెండు చేతులతోనే అందుకోవాలి. అందరూ చూస్తున్నారు, ఎవరో ఫొటో తీస్తున్నారు. బసవలింగప్ప కుర్చీ వదిలి రెండడుగులు ముందుకొచ్చి తువ్వాల అందుకున్నాడు. మద్దమ్మ ఆయన పక్కనుంచి బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, కొంగు సర్దుకుని, కుర్చీలో కూర్చుంది.

అంతే. గొడవ లేదు, ఉపన్యాసం లేదు. కూర్చున్న వెంటనే ఆమె ఒళ్లు అలవాటుకొద్దీ ఎడమకు వాలింది. ఆ కుర్చీకి నాలుగు కాళ్లూ సమానమేనని ఆమెకు అప్పుడు తెలిసింది. మెల్లగా నిటారైంది.

"నేను మద్దమ్మ. తుమ్మలదొడ్డి పంచాయతీ అధ్యక్షురాలిని. కూసోండి, మణెమ్మగారూ," అంది.

కీర్తి దాన్ని చెప్పింది. మణివన్ కూర్చోబోతూ ఆగి, ఇంకోసారి చేతులు జోడించి, అప్పుడు కూర్చుంది. బసవలింగప్పకు మిగిలింది గోడ పక్కన స్టూలు. ఆయన కూర్చోలేదు, తువ్వాల పట్టుకుని నిలబడ్డాడు.

చంద్రిక కాగితం చదివింది. మొదట తడబడింది గానీ పదకొండూళ్లకు నీళ్లన్న చోట గొంతు గట్టిపడింది. అది అయ్యాక మద్దమ్మ పుస్తకం అడిగింది.

"సతీశ్ సార్, పదకొండు మంది సదస్యులు ఈడ్నే ఉన్నరు. ఫిల్టర్ ఠరావు అందరు ఇనేటట్టు చదువుండ్రి."

సతీశ్ బసవలింగప్పను చూశాడు, అతిథిని చూశాడు, తర్వాత తన బూట్లను చూసుకుని కన్నడంలో చదివాడు. కింది వాడలో స్థలం లేనందున, అన్న చోట మద్దమ్మ చెయ్యెత్తి ఆపింది.

"జాగ లేదని రాసిండ్రు. ఉన్నది. మణెమ్మగారు చూస్తనంటే ఇప్పుడే పోదాం. కారొద్దు, నడిచేంత దూరమే."

ఆ మాట మూడు భాషలు దాటి వెళ్లేలోపే మణివన్ లేచి నిలబడింది.

సమాజ మందిరం పక్కన బర్రెల మధ్యకు నేత లంగా కొద్దిగా ఎత్తిపట్టి నడిచింది ఆమె. పేడ తొక్కింది, పట్టించుకోలేదు. ఈ మూల నుంచి ఆ మూలకు అడుగులు పెట్టి కొలిచింది, పొడుగు పద్నాలుగు, వెడల్పు పది. వేళ్లు మడిచి లెక్క చూపించి, తలాడించింది. ఎదురింటి వాకిట్లో మంచం మీంచి చెన్నవ్వ ఇదంతా చూస్తూ, "ఎవరే ఈ పిల్ల, మన మణికట్టంత లేదు, ఎంత చురుకున్నది!" అంది. అరవైమూడేళ్ల జాతీయ సభ సభ్యురాలిని పిల్ల అన్న మాటను కీర్తి తర్జుమా చేయలేదు.

"ఫిల్టర్ ఈడ పెట్టాల్నన్నోళ్లు చేతులెత్తుండ్రి," అంది మద్దమ్మ. ఆ చేతులే రేపు అవిశ్వాసానికి లేచినా లేస్తాయి.

మొదట మహాదేవి ఎత్తింది. గెలిచిన నాటి నుంచి సభలో నోరు విప్పని సభ్యురాలు. తర్వాత అమరేశ్. తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఒకర్నొకరు చూసుకుని ఎత్తారు. మద్దమ్మ తనదీ ఎత్తింది. ఐదు. సరిపోదు. అందరి కళ్లూ బసవయ్య మీద పడ్డాయి. బసవయ్యా సభ్యుడే, పని చేసేది మాత్రం సావుకారు మిల్లులో, గుమాస్తాగా. ఆయన కళ్లు చెన్నవ్వ మంచం వైపు పోయాయి. ఆమె ఆయనకు మేనత్త. తల వంచుకునే చెయ్యెత్తాడు.

ఆరు. ఆ వెనక ఇంకా రెండు లేచాయి, అవి లెక్క చూసి లేచినవి.

టీలు అయ్యాక మద్దమ్మ అడగాలనుకున్నది అడిగింది. "మీరు ఊరిపెద్ద అయినప్పుడు, ఆ కుర్చీల ముందుగాల కూసున్నాయన ఎట్ల లేచిండు?"

ప్రశ్న ఆమెను చేరేసరికి మణివన్ గట్టిగా నవ్వేసింది. అంత చిన్న మనిషిలో అంత నవ్వు ఉందని ఎవరూ అనుకోలేదు. చెబుతూ చెబుతూ మధ్యలో బసవలింగప్ప చేతిలోని తువ్వాలను చూసి మళ్లీ నవ్వింది.

"లేవలేదట," అంది కీర్తి. "మూడు నెలలు నిలబడే సభ నడిపారట. తర్వాత వాళ్లమ్మ వంటింటి పీట తెచ్చి ఆ కుర్చీ పక్కనే వేసుకుని కూర్చున్నారట. ఆయన లేవడానికి ఏడాది పట్టిందట. మీరు ఒక్క ఉతుకుతో లేపారు, ఈ ఉపాయం మా దేశంలో చెబుతాను అంటున్నారు."

వెళ్లేముందు ఆమె సంచిలోంచి తెల్లటి నూలు దారం తీసింది. మనిషి ఒంట్లో ముప్పై రెండు ప్రాణాలుంటాయని వాళ్ల నమ్మకమట. భయపడ్డప్పుడు కొన్ని విడిచిపోతాయి, అవి తిరిగొచ్చి కుదురుకోవాలని దారం కడతారట.

"పొద్దున నావి ముప్పై రెండూ పోయినయ్. గట్టిగ కట్టుండ్రి," అని మద్దమ్మ చెయ్యి చాపింది.

శుక్రవారం పత్తిచేలో రాఘవులు పక్క సాలులో ఉన్నాడు. బట్టీ నుంచి నిజంగానే తీసేశారు. దూదికంటే ఎండాకే ఎక్కువ వేస్తున్నాడు ఒడిలో. "వంచకుంట గుంజకు, వంచి తియ్యి," అని మద్దమ్మ మూడోసారి చెబుతుండగా గట్టు మీద చంద్రిక కనిపించింది. చంకలో పుస్తకం, చేతిలో చెప్పులు.

"అక్కా, కొత్త ఠరావు రాసిండ్రు. సంతకం!"

మద్దమ్మ నిలబడింది. మణికట్టు మీద తెల్లదారానికి ఆకు నుసి అంటి ఉంది. దాన్ని ఊది దులిపింది.

"తీస్కపోయి టేబుల్ మీద పెట్టు. చేన్ల పని అయినంక నేనే వస్త."

చంద్రిక ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత చెప్పులు తొడుక్కుని, సాళ్ల మధ్య నుంచి దాదాపు పరుగున వెనక్కి పోయింది.

అయిదున్నరకు మద్దమ్మ కాళ్లు కడుక్కుని ఆఫీసుకు వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉంది, వెనక ఏమీ లేదు. గోడ పక్క స్టూలు మీద మాత్రం తెల్లటి తువ్వాల నాలుగు మడతలతో పరిచి ఉంది. బసవలింగప్ప బయట అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి మాట ఆపాడు, మళ్లీ మొదలుపెట్టాడు.

మద్దమ్మ కూర్చుని పుస్తకం తెరిచింది. చంద్రిక అలవాటుగా వేలు పెట్టి సంతకం చోటు చూపించింది. మద్దమ్మ ఆ వేలిని పక్కకు జరిపి, మొదటి వాక్యం కింద తన వేలు పెట్టింది. నాలుగో తరగతి కన్నడం. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, తప్పుపోయినచోట వెనక్కి వచ్చి, పైకే చదివింది. సతీశ్ ఒకసారి గడియారం చూసుకున్నాడు, తర్వాత చూసుకోలేదు. కింది వాడ, సమాజ మందిరం పక్కన, అన్న మాటల దగ్గర ఆమె రెండుసార్లు చదువుకుంది. చివరిదాకా వచ్చాక నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని మూడక్షరాలు రాసింది.

లేవబోతూ స్టూలు వైపు చూసి చంద్రికను దగ్గరకు పిలిచింది.

"ఆ స్టూలు కుడిదిక్కు కాలు పొట్టిగున్నది. కింద ఇంత అట్టముక్క పెట్టు. సావుకారు పెద్దమనిషి, పడ్తడు."